ఆషాఢం డిస్కౌంట్ బతుకమ్మకు ఎట్లా వచ్చింది

ఆషాఢం వచ్చిందంటే వరంగల్ చౌరస్తా చుట్టూ బట్టల దుకాణాలకు బ్యానర్లు పడతాయి. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడళ్లు పుట్టింటికి పోతారు. ఊళ్లలో ఉన్న పైసలన్నీ పత్తి విత్తనాలకు, యూరియాకు, కూలీలకు పోతాయి. గిరాకీ లేక దుకాణాలు ఖాళీగా ఉంటాయి. శ్రావణం పెళ్లిళ్లకు కొత్త సరుకు దించాలంటే పాతది కదలాలి, అందుకే ధర తగ్గించేవాళ్లు. మన అమ్మలకు, అమ్మమ్మలకు తెలిసిన డిస్కౌంట్ అది. జనం చేతిలో డబ్బు ఆడని నెలలో, అమ్మేవాళ్ల అవసరం కొద్దీ వచ్చింది.

దసరా లెక్క వేరు. ఆడబిడ్డలకు చీరలు, పిల్లలకు కొత్త బట్టలు ఎవరూ తగ్గింపు ఇవ్వకపోయినా కొనాల్సిందే. సింగరేణి కార్మికులకు సాధారణంగా దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్ వస్తాయి. భూపాలపల్లి, గోదావరిఖని, మంచిర్యాల బజార్లు ఆ డబ్బుతోనే నిండుతాయి. అక్టోబర్ నుంచి ఎనుమాముల మార్కెట్‌కు కొత్త పత్తి రావడం మొదలవుతుంది. ఉత్తర తెలంగాణ చేతిలో నాలుగు పైసలు ఆడే కాలం ఇదే. ఇప్పుడు ఏడాదిలో అతిపెద్ద ఆన్‌లైన్ సేల్‌లు కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే పడుతున్నాయి. 2025లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ సేల్‌లు సెప్టెంబర్ 23న మొదలయ్యాయి. హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడి అప్పటికి రెండు రోజులే.

'ఇవాళ కొనకపోతే పోయినట్టే' అనే హడావిడిని మన దేశంలో పెద్ద ఎత్తున చూపించింది బిగ్ బజార్. 2006 జనవరి 26న 'సబ్‌సే సస్తా దిన్' (అన్నిటికన్నా చవకైన రోజు) పేరుతో పెట్టిన సేల్‌కు జనం ఎగబడ్డారు. 2014 అక్టోబర్ 6న, దసరాకూ దీపావళికీ మధ్య, ఫ్లిప్‌కార్ట్ తన మొదటి 'బిగ్ బిలియన్ డే' పెట్టింది. పది గంటల్లో 600 కోట్ల రూపాయల అమ్మకాలు జరిగాయని ప్రకటించింది. సైటు మొరాయించింది, సరుకు నిమిషాల్లో అయిపోయింది, కొన్ని వస్తువుల ధరలు మధ్యలో మారాయి. మరుసటి రోజు కంపెనీ స్థాపకులు కొన్నవాళ్లకు క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశారు. అయినా ఆ సేల్ ఏటేటా పెద్దదవుతూనే వచ్చింది. 2016లో యూపీఐ మొదలైంది, అదే ఏడాది సెప్టెంబర్‌లో జియో వచ్చింది. దాంతో వరంగల్ దాకా రావాల్సిన పని లేకుండా బజారే ఊళ్లోకి, చేతిలోకి వచ్చేసింది.

నా మటుకు ఈ కథలో అసలు ముఖ్యమైనది వేరే ఉంది. పండుగ కొనుగోలు అంటే ఒకప్పుడు ఒక రోజు పని. పొద్దున బస్సెక్కాలి. వెంట అత్తమ్మో చిన్నమ్మో ఉంటారు. బట్టల బజార్‌లో నాలుగు దుకాణాలు తిరగాలి, బేరం ఆడాలి. ధర కుదరకపోతే 'మళ్లొస్తం' అని లేచి రావాలి. కుదిరితే సంచిలోంచి నోట్లు తీసి ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. ఉద్దెర పెట్టాలంటే సావుకారికి ముఖం చూపించి అడగాలి. ఇందులో ప్రతి అడుగు దగ్గరా మనసు మార్చుకోవడానికి కాస్త సమయం దొరికేది. ఆ అడుగులన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. రాత్రి పన్నెండింటికి మంచం మీద పడుకుని ఒక్క వేలితో కొనేస్తున్నాం, అడిగే మనిషి పక్కన లేడు. అందుకే సేల్‌లో అనవసరంగా కొన్నవాళ్లను 'నీకు అదుపు లేదు' అని తిడితే నాకు బాధేస్తుంది.

ధర చూపించే తీరు కూడా అంతే. ప్యాకెట్ల మీద అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర, అంటే ఎంఆర్‌పీ, ముద్రించాలన్న నిబంధన 1990లో వచ్చింది. అంతకు మించి అమ్మొద్దన్నది మన రక్షణ కోసమే. కానీ ఆ అంకె ఎంత ఉండాలో చాలా వస్తువులకు ఎవరూ నిర్ణయించరు. పెద్ద అంకె వేసి, కొట్టేసి, కింద చిన్న అంకె చూపిస్తే డెబ్బై శాతం తగ్గినట్టే కనిపిస్తుంది. మొదట కంటపడిన అంకె మన అంచనాను ఎంత లాగుతుందో ట్వెర్‌స్కీ, కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లోనే చూపించారు. ఒక చక్రం తిప్పి, ఐక్యరాజ్య సమితి దేశాల్లో ఆఫ్రికావి ఎంత శాతమని అడిగారు. చక్రం మీద 10 పడ్డవాళ్ల అంచనా 25 దగ్గర, 65 పడ్డవాళ్లది 45 దగ్గర ఆగింది. చక్రానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదు.

ఇక వాయిదాలు. క్రెడిట్ కార్డుల మీద సున్నా వడ్డీ ఈఎంఐలలో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబర్‌లో బ్యాంకులను హెచ్చరించింది. ఆ తర్వాత 'నో కాస్ట్ ఈఎంఐ' అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ఇందులో వడ్డీ ఉంటుంది, అంత మొత్తాన్ని ధరలో ముందే తగ్గిస్తారు. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి.

ప్రభుత్వం 2023 నవంబర్ 30న ఆన్‌లైన్ అమ్మకాల్లో వాడే 13 మాయలను గుర్తించి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, 'వద్దు' అన్నవాళ్లను సిగ్గుపడేలా చేయడం అందులో ఉన్నాయి. ఎవరికైనా ఇలా జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఈ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

మా ఇంట్లో ఎంగిలిపూలకు ముందే క్యాలెండర్ కాగితం వెనక కావాల్సినవి రాసుకుంటాం. కార్డు వివరాలు ఫోన్‌లో దాచిపెట్టం. కాగితం మీద లేనిది ఏదైనా నచ్చితే కార్ట్‌లో వేసి సద్దుల బతుకమ్మ దాకా ముట్టుకోం. పోయినసారి అట్లా పదకొండు వస్తువులు చేరాయి. సద్దుల మరుసటి రోజు అందరం కూర్చుని చూస్తే రెండే అవసరమనిపించాయి. మా అమ్మకు ఫోన్ వాడకం అంతగా రాదు. కార్ట్ అంటే ఏందని అడిగితే చెప్పాను. "అంటే 'మళ్లొస్తం' అని చెప్పి లేచి వచ్చుడే కదా" అన్నది.