ముక్కు దిబ్బడ, మనసు చిరాకు

తుమ్ములు, ముక్కు కారడం పైకి కనిపించే బాధలు. ఎలర్జీ ఉన్న ఉద్యోగిని ఎక్కువగా దెబ్బతీసేది మాత్రం రాత్రిపూట ముక్కు దిబ్బడ. పడుకోగానే ముక్కులోని రక్తనాళాలు నిండి, అప్పటికే వాచిన పొర ఇంకా ఉబ్బుతుంది. నోటితో గాలి పీలుస్తూ మాటిమాటికీ మెలకువ వస్తుంది. ఆ మెలకువలు క్షణాలే కాబట్టి పొద్దున గుర్తుండవు. ఎనిమిది గంటలు పడుకున్నా ఈ నీరసమేమిటో అర్థం కాదు. మధ్యాహ్నానికి అదే మెయిల్ రెండుసార్లు చదివినా బుర్రకెక్కదు, పక్క సీటువాళ్ల మాటకే విసుగొస్తుంది. దీన్ని చాలామంది బద్ధకమనో, మనసు బాగోలేదనో అనుకుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 2001లో వెలువడిన ‘అరియా’ మార్గదర్శకాలు ఎలర్జీ తీవ్రతను తుమ్ముల లెక్కతో తేల్చలేదు. నిద్ర చెడుతోందా, పని దెబ్బతింటోందా అని చూడమన్నాయి. వీటిలో ఒక్కటి ఉన్నా ఎలర్జీ తేలికపాటిది కాదు.

వేసుకునే మాత్ర కూడా మూడ్‌ను చెడగొట్టవచ్చు. ముక్కులో తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అనే శరీర రసాయనమే, మెదడులో మనల్ని మెలకువగా ఉంచుతుంది. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మందులు మెదడులోకీ వెళ్లి దాన్ని అడ్డుకుంటాయి. రాత్రి వేసుకున్నా మర్నాటి దాకా మత్తు వదలదు. కొత్త తరం మందుల్లో సెటిరిజిన్ కొందరికి మగత తెస్తుంది. ఫెక్సోఫెనడిన్‌తో ఆ బెడద చాలా తక్కువ, కానీ దాన్ని పండ్ల రసంతో కాక నీళ్లతోనే మింగాలి. ఎలర్జీకి ఇచ్చే మరో మందు మాంటెలుకాస్ట్ వాడేవాళ్లకు దిగులు, పీడకలలు మొదలైతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మానసిక దుష్ప్రభావాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దీనిపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది.

దిబ్బడ ఈ మాత్రలకు అంతగా లొంగదు. దానికి డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ స్ప్రే మేలు, అదీ సరిగ్గా కొట్టుకుంటేనే. తల కాస్త ముందుకు వంచి, కుడి రంధ్రంలోకి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రంలోకి కుడి చేత్తో కొట్టాలి. అప్పుడు మొన ముక్కు నడిమి గోడ వైపు కాకుండా బయటి వైపు తిరుగుతుంది. గోడకే తగులుతుంటే రక్తం రావచ్చు. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. పూర్తి గుణం కనిపించడానికి 2 వారాలు పట్టవచ్చు, మూడో రోజే పడేయకూడదు! నిమిషాల్లో ముక్కు తెరిచే ఆక్సీమెటజోలిన్ స్ప్రేతో చిక్కు వేరు. వరుసగా కొన్ని రోజులు దాటితే అదే దిబ్బడకు కారణమవుతుంది.

పని ఒత్తిడి కూడా ఎలర్జీ లక్షణాలను పెంచగలదు, కాబట్టి ఏది ముందో ఊహతో తేలదు. 2 వారాలు మూడు అంకెలు రాసుకోండి: పొద్దున దిబ్బడ, నిద్ర, సాయంత్రం చిరాకు, ఒక్కోటి 0 నుంచి 10 వరకు. పక్కన మాత్ర పేరు, వేసుకున్న వేళ. దిబ్బడ పెరిగిన రాత్రుల మర్నాడే చిరాకు పెరుగుతుంటే ముందు ముక్కు సంగతి చూడాలి. నిద్ర కుదిరాక కూడా 2 వారాలకు పైగా దిగులు వదలకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా దాన్ని ఎలర్జీ ఖాతాలో వేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.