జాగారం చేసిన కళ్ళకు పందెం ఎలా కనిపిస్తుంది

పత్తి సీజనులో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ముందు రోజు రాత్రే బండ్లు చేరుకుంటాయి. పరకాల వైపు నుంచో, ములుగు వైపు నుంచో ట్రాలీలో లోడు తెచ్చిన రైతు తన బస్తాల మీదే దుప్పటి కప్పుకొని, చలికి కళ్ళు మూతపడీ పడక తెల్లవార్చి, పొద్దున్నే పాటకు నిలబడతాడు. ధర తేలి, కాంటా అయ్యి, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఏడాది కష్టం డబ్బుగా మారే ఆ వేళకు అతడు సరిగ్గా నిద్రపోయి ఒక పగలు, ఒక రాత్రి దాటిపోయి ఉంటాయి. ఎవరో పంపిన పందేల లింకును అతడు ఫోన్‌లో తెరిచేది కూడా తరచుగా అప్పుడే, పని ముగిసి నడుం వాల్చినప్పుడే.

ఆ తర్వాత డబ్బు పోతే ఊరంతా దానిని దురాశ అంటుంది. ఆ తీర్పు నాకు అన్యాయంగా తోస్తుంది. పందెం మంచిదో చెడ్డదో తూచవలసింది మెదడు. ఆ మెదడే ఆ పూట సరైన స్థితిలో లేనప్పుడు, మనిషి గుణం గురించి మాట్లాడే ముందు అతడు ఎన్ని గంటలుగా మేలుకొని ఉన్నాడో అడగాలి.

ఆస్ట్రేలియాకు చెందిన డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ అనే పరిశోధకులు 1997లో ఒక పోలిక ప్రకటించారు. కంటికీ చేతికీ పొందిక అవసరమయ్యే పరీక్షలో, 17 గంటలు మేలుకొని ఉన్నవారి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోయింది. 24 గంటలు మేలుకొంటే 0.10 శాతం ఉన్నవారితో సమానమైంది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. చుక్క ముట్టకుండానే, కేవలం జాగారంతో, మనిషి ఆ హద్దు దాటిన వాడితో సమానమవుతాడు.

పందేనికి నేరుగా సంబంధించిన ప్రయోగం మరొకటి ఉంది. వినోద్ వెంకట్రామన్, మైకేల్ చీ, వారి సహచరులు ఒక రాత్రి నిద్ర లేని యువకుల చేత లాభనష్టాలతో కూడిన పందేల మధ్య ఎంపిక చేయించి, ఆ సమయంలో వారి మెదడును స్కానర్‌తో గమనించారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, బాగా నిద్రపోయినప్పుడు నష్టాన్ని తగ్గించుకోవాలని చూసినవారే నిద్ర చాలనప్పుడు లాభాన్ని పెంచుకునే వైపు మొగ్గారు. గెలుపును లెక్కించే భాగం మరింత చురుకైంది; ఓటమి నొప్పిని పట్టించే భాగం మందగించింది. ఇది మామూలు అలసట లాంటిది కాదు. అలసిన ఎద్దు అడుగు నెమ్మదిస్తుంది గానీ దారి మార్చదు. నిద్ర చాలని మెదడు దారే మారుస్తుంది.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది 2003లో హాన్స్ వాన్ డాంజెన్ బృందం కనుగొన్న విషయం. రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటలో అంతకన్నా తక్కువో పడుకున్నవారి ఏకాగ్రత రోజురోజుకూ దిగజారుతూ పోయింది గానీ, తమకు నిద్ర వస్తోందన్న భావన మాత్రం కొన్నాళ్ళకే ఒక స్థాయిలో నిలిచిపోయింది. తాము ఎంత దెబ్బతిన్నామో వారికి దాదాపుగా తెలియలేదు. గోదావరిఖనిలో వరుసగా నైట్ షిఫ్టులు చేసిన కార్మికుడు 'నాకేం కాలేదు, మంచిగనే ఉన్న' అంటే అతడు అబద్ధమాడుతున్నట్టు కాదు. తన స్థితిని కొలవవలసిన త్రాసే వంగిపోయింది. టీ మీద టీ తాగితే మత్తు వదిలినట్టు అనిపించడమూ ఇలాంటిదే. మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో పేరుకుపోయే అడినోసిన్ అనే పదార్థపు సంకేతాన్ని టీలోని కెఫీన్ అడ్డుకుంటుందే తప్ప, నిద్ర బాకీని తీర్చదు.

మద్యం సంగతి అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ, అది చూపును ఇరుకు చేస్తుందన్నది గమనించవలసిన విషయం: కళ్ళముందున్నది పెద్దదిగా కనిపించి, రేపటి కిస్తీ కనుమరుగవుతుంది. కొన్ని మందులు కూడా ఇలాంటి పని చేయగలవు. పార్కిన్సన్స్ వ్యాధికి వాడే ప్రామిపెక్సోల్ వంటి మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనిని అనుకరిస్తాయి. జీవితంలో ఎన్నడూ పేక ముట్టనివారిలో కొందరికి అవి వాడుతున్నప్పుడు జూదపు యావ పుట్టిందని వైద్యులు నమోదు చేశారు. ఇంట్లో అలాంటి మార్పు కనిపిస్తే మందు సొంతంగా ఆపకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

తెలివి నిలకడగా ఉన్నప్పుడు కూడా పందెం లెక్క మనవైపు ఉండదు. బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే 37 గడుల రూలెట్ చక్రంలో నిర్వాహకుడి వాటా రూపాయికి సుమారు 2.7 పైసలు. వినడానికి చిన్నదే. కానీ ఆ కోత చేతిలోని డబ్బు మీద కాకుండా కాసిన ప్రతి పందెం మీదా పడుతుంది. వంద రూపాయల పందెం 200 సార్లు కాస్తే 20,000 తిరిగినట్టు. సగటున 540 రూపాయలు పోతాయి. ఫోన్‌లో 200 పందేలకు ఎంతోసేపు పట్టదు. పైగా ఓటమి దానంతటదే ఒక మత్తు. పోయినదంతా ఒక్క దెబ్బతో తిరిగి రాబట్టాలని పందెం రెట్టింపు చేసేవాడు నిద్ర లేనివాడికన్నా, తాగినవాడికన్నా మెరుగైన స్థితిలో ఏమీ ఉండడు.

తెలంగాణ 2017లోనే ఇలాంటి ఆటలను నిషేధించింది; డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలను నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు విధించేలా పార్లమెంటు 2025లో చట్టం చేసింది. అయినా లింకులు వస్తూనే ఉన్నాయి. అందువల్ల కట్టడి అనేది బుద్ధి నిలకడగా ఉన్న పొద్దుటిపూటే చేసి పెట్టుకోవాలి. పంట డబ్బు పడే ఖాతాను ఫోన్‌లోని యూపీఐకి అసలు కలపకుండా ఉంచి, రోజు ఖర్చులకు చిన్న ఖాతా ఒకటి వేరుగా పెట్టుకుంటే, రాత్రి వేళ వేలు అలవాటుగా పిన్ను నొక్కినా పోయేది కొద్ది మొత్తమే. పెద్ద ఖాతా నుంచి తీయాలంటే బ్యాంకుకు వెళ్ళాలి. బ్యాంకు తెరిచేలోపు ఒక నిద్ర పడుతుంది. మార్కెట్ నుంచి వచ్చిన రోజున, నైట్ షిఫ్టు దిగిన రోజున, మద్యం తాగిన రోజున డబ్బు విషయం ఏదైనా 'పొద్దుగాల చూద్దాం' అనే మాట ఇంట్లో ముందే అనుకొని ఉంటే, ఆ పూట వాదించవలసిన పని ఉండదు.

ఇప్పటికే పోగొట్టుకున్నవారు దానిని రాబట్టేందుకు మరో అప్పు చేయకముందే ఇంట్లో ఒకరికి మొత్తం ఎంతో చెప్పాలి. జూదపు వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల జాబితాలో చేర్చింది. దానికి చికిత్స ఉంది. ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 ఉచితంగా, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. తెల్లవారుజామున మూడింటికి నిద్ర పట్టక చేతిలోకి తీసుకున్న ఫోన్ నుంచి కూడా ఆ అయిదు అంకెలూ నొక్కవచ్చు.