సీసాలో కాలేయం, చేతిలో మీట

తిరుపతిలో ఎవరైనా టికెట్ కొనుక్కుని చూడగలిగే సైన్స్ మ్యూజియం అలిపిరి దగ్గరున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం. 1993లో మొదలైంది. అంతకు ముప్పయ్యేళ్ల ముందే, 1960లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలతో ఊళ్లోకి ఇంకో రకం మ్యూజియం వచ్చింది. మెడికల్ కాలేజీ అన్నాక అనాటమీకి (శరీర నిర్మాణ శాస్త్రం), పాథాలజీకి (జబ్బుల శాస్త్రం) మ్యూజియంలు ఉండి తీరాలి. వాటిలో అసలు అవయవాలను ద్రావణం నింపిన సీసాల్లో దాచి ఉంచుతారు. అవి పరీక్ష రాసే పిల్లల కోసం. బయటివాళ్లు చూడటానికి పెట్టినవి కావు.

ముందు ఆ సీసాల సంగతి చూద్దాం. జబ్బుపడిన అవయవం రంగు చెడకుండా నిలవాలంటే 1890ల్లో జర్మనీ పాథాలజిస్టు కార్ల్ కైజర్లింగ్ చెప్పిన మూడు ద్రావణాల పద్ధతే నేటికీ పునాది. మొదటిదానికి రెండు లీటర్ల నీళ్లలో 400 మి.లీ. ఫార్మలిన్ (కుళ్లకుండా కాపాడే రసాయనం), 30 గ్రాముల పొటాషియం నైట్రేట్, 60 గ్రాముల పొటాషియం అసిటేట్ కలుపుతారు. ఫార్మలిన్ కండలోకి చాలా నిదానంగా ఇంకుతుంది. కాలేయాన్ని కోయకుండా అలాగే వేస్తే పైపొర గట్టిపడి, లోపల కుళ్లిపోతుంది. మెదడును అడుగున పడేస్తే తన బరువుకే చదునుగా అవుతుంది. అందుకే దాని అడుగుభాగంలోని రక్తనాళం కింద దారం దోపి, తలకిందులుగా వేలాడదీస్తారు.

ఫార్మలిన్‌లో పాలిపోయిన రంగు రెండో ద్రావణంలో, అంటే 80 శాతం ఆల్కహాల్‌లో, తిరిగి వస్తుంది. ఇక్కడ మనిషి దగ్గరుండి చూసుకోవాలి. ముక్కను బట్టి అరగంట నుంచి నాలుగు గంటలు చాలు. రంగు తేలగానే తీయకపోతే మళ్లీ వెలిసిపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా రాదు. చివరగా రెండు లీటర్ల నీళ్లు, 400 మి.లీ. గ్లిజరిన్, 200 గ్రాముల పొటాషియం అసిటేట్ కలిపిన ద్రావణంలో శాశ్వతంగా ఉంచుతారు. గాజు సీసాకు బదులు పెర్‌స్పెక్స్ అనే పారదర్శక ప్లాస్టిక్ పెట్టె వాడేటప్పుడు ముక్కకు పట్టిన ఆల్కహాల్‌ను బాగా వార్చాలి. లేకపోతే పెట్టె గోడల్లో సన్నని పగుళ్లు లేస్తాయి.

మన ఎండలకు అసలు పరీక్ష మూత దగ్గర. 40 డిగ్రీలు దాటే తిరుపతి వేసవిలో సీలు కాస్త వదులైనా ద్రావణం మట్టం తగ్గుతుంది. పైకి తేలిన భాగం ఎండి నల్లబడుతుంది. ఏటా ఏప్రిల్‌కి ముందు ప్రతి పెట్టె మట్టం చూడటం, ఎండ నేరుగా పడే కిటికీ పక్క ఏదీ పెట్టకపోవడం తప్పనిసరి.

ఇలాంటి విషయాలను మామూలు జనం ముందుకు తెచ్చిన ఊళ్లలో పెద్ద పేరు జర్మనీలోని డ్రెస్‌డెన్‌ది. ఓడోల్ అనే నోరు పుక్కిలించే మందు అమ్మి సంపాదించిన కార్ల్ ఆగస్ట్ లింగ్నర్ 1911లో అక్కడ ఆరోగ్య ప్రదర్శన పెడితే 50 లక్షలకు పైగా జనం చూశారు. దాని కొనసాగింపుగా వెలిసిన మ్యూజియంలో 1930లో పారదర్శక మానవుడి బొమ్మ నిలబెట్టారు. ఒక్కో అవయవంలో దీపం వెలుగుతుంది. సీసాలోని కాలేయం ఒంట్లో ఎక్కడుంటుందో చూసేవాడికి అప్పుడు తెలిసింది.

మన దేశంలో కోల్‌కతా బిర్లా మ్యూజియం (1959), బెంగళూరు విశ్వేశ్వరయ్య మ్యూజియం (1965) పరిశ్రమలు, యంత్రాలతో మొదలై, సందర్శకుడే మీట తిప్పి చూసే పద్ధతిని అలవాటు చేశాయి. 1978లో జాతీయ విజ్ఞాన మ్యూజియాల మండలి ఏర్పడ్డాక ఆ పద్ధతి చిన్న ఊళ్లకూ వచ్చింది. తిరుపతి కేంద్రం ఆ వరుసలోదే.

చేత్తో ఆడించే వస్తువుకు మరమ్మతే ప్రాణం. మొదట పోయేవి స్విచ్ స్ప్రింగులు, బేరింగులు. నొక్కగానే ఏదో ఒకటి కదలాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే పిల్లవాడు పదిసార్లు గుద్దుతాడు, స్విచ్ పోతుంది. 'పనిచేయడం లేదు' అని అట్ట తగిలించి నెలలు గడిపితే ఆ గదికి ఎవరూ రారు.

ఈ రెండు మ్యూజియంలూ ఒకేచోట కలవాలని మా గట్టి కోరిక. గుండె కొట్టుకునే నమూనా పక్కనే రక్తనాళం మూసుకుపోయిన అసలు గుండె ఉంటే చూసినవాళ్లు మరచిపోరు. అయితే అసలు అవయవం పెట్టేముందు దాత కుటుంబం రాతపూర్వక సమ్మతి ఉండాలి. పెట్టె మీద పేరు, ఊరు ఉండకూడదు. జబ్బు పేరు, ద్రావణం చివరిసారి మార్చిన తేదీ మాత్రం రాయాలి.