సండే స్కూల్ మొదట ఎవరి కోసం పెట్టారు?

మొన్న మా చర్చి సంఘం కమిటీ మీటింగ్‌లో సగం సమయం సండే స్కూల్ గురించే, అంటే ఆదివారం చర్చిలో పిల్లలకు నడిపే బైబిల్ బడి గురించే సరిపోయింది. పిల్లలు తగ్గిపోయారు. ఎనిమిదో తరగతికి వచ్చారంటే ఆదివారం కూడా కోచింగే. మిగిలిన చిన్నవాళ్లు అమ్మానాన్నలతో పాటు వచ్చి, రెండు యాక్షన్ సాంగ్స్ పాడి, బంగారు వాక్యం (కంఠస్థం చేసిన బైబిల్ వచనం) అప్పజెప్పి, బిస్కెట్ పాకెట్ తీసుకుని వెళ్లిపోతారు. మన పిల్లల్ని మళ్లీ ఎలా రప్పించాలి అన్నదే చర్చంతా. ప్రొజెక్టర్ పెడదామని ఒకరు, గిఫ్టులు పెంచుదామని ఇంకొకరు. ఆ ‘మన’ అన్న మాటే నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఈ బడి పుట్టింది సంఘంవాళ్ల పిల్లల కోసం కాదు.

ఇంగ్లండ్‌లో గ్లోస్టర్ అనే ఊరు. 1780. గుండుసూదుల తయారీకి పేరున్న ఊరది. పేదింటి పిల్లలు వారానికి ఆరు రోజులు పనిలోనే ఉండేవాళ్లు, బడి మొహం చూసే వీలే లేదు. రాబర్ట్ రైక్స్ అక్కడ ‘గ్లోస్టర్ జర్నల్’ పత్రిక నడిపేవారు. తండ్రి పెట్టిన పత్రిక. అంతకుముందు చాలా ఏళ్లు జైళ్లలో ఖైదీల బాగోగుల కోసం తిరిగిన మనిషి. ఒకరోజు ఏదో పని మీద ఊరి శివారుకు వెళితే, చింకిబట్టల పిల్లలు వీధిలో గోల చేస్తూ కనిపించారు. ఇదేం చూశారు, ఆదివారం వస్తే తెలుస్తుంది అన్నట్టు మాట్లాడింది అక్కడి ఒక ఆడమనిషి. పనికి సెలవు ఆ ఒక్కరోజే మరి.

రైక్స్ చేసిన పని చాలా చిన్నది. ఆ చుట్టుపక్కల ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పే ఆడవాళ్లను నలుగురిని వెతికి, ఆదివారానికి ఒక షిల్లింగు చొప్పున మాట్లాడుకున్నారు. మొదటి బడి ‘సూటీ ఆలీ’లో, అంటే మసి సందులో, మెరెడిత్ అనే ఆవిడ ఇంట్లో మొదలైందంటారు. థామస్ స్టాక్ అనే పాదిరి గారు ఆయనకు తోడు. (అసలు ఘనత స్టాక్‌దా రైక్స్‌దా అని తర్వాత పెద్ద గొడవే నడిచింది. హై వికోంబ్‌లో హన్నా బాల్ అనే ఆవిడ 1769లోనే ఇలాంటి బడి నడిపింది. పత్రిక చేతిలో ఉన్నవాడి పేరే నిలిచింది, అంతే.)

టైమ్‌టేబుల్ కూడా రైక్స్ రాసిపెట్టారు. ఉదయం పది దాటాక రావాలి, పన్నెండు దాకా చదువు. ఇంటికెళ్లి ఒంటిగంటకు మళ్లీ రావాలి. ఒక పాఠం చదివాక చర్చికి. చర్చి నుంచి వచ్చి అయిదున్నర దాకా కాటెకిజం, అంటే మత విశ్వాసాల ప్రశ్నోత్తరాలు, వల్లెవేయడం. ఆ తర్వాత వీధిలో ఆడకుండా, అల్లరి చేయకుండా ఇంటికి పోవాలి. ఇందులో వీధి నోరు మూయించాలన్న పెద్దమనిషి కోరిక కూడా ఉంది, దాన్ని దాచక్కర్లేదు. కానీ ముఖ్యమైన పని చదవడం నేర్పడమే. బైబిలే వాచకం.

మొదట్లో చాలామంది పిల్లలు రాలేదు. కారణం బట్టలు. మంచి బట్టలు లేకుండా ఎలా రావాలని వాళ్ల సిగ్గు. దానికి రైక్స్ పెట్టిన షరతు ఒక్కటే: చేతులు, మొహం కడుక్కుని, తల దువ్వుకుని రండి, ఉతికిన చొక్కా లేకపోతే ఒంటి మీద ఉన్నదానితోనే రండి. బాగా చదివినవాళ్లకు బహుమతిగా పుస్తకాలతో పాటు దువ్వెనలు, బూట్లు ఇచ్చేవారు.

1783 నవంబరులో ఆయన ఈ సంగతి తన పత్రికలో రాశాక అది దావానలంలా పాకింది. తాను వెళ్లిన ప్రతిచోటా ఈ బడులు మొలుస్తున్నాయని మరుసటి ఏడే మెథడిస్టు క్రైస్తవ శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ డైరీలో రాసుకున్నారు. 1785లో విలియం ఫాక్స్ అనే వర్తకుడు లండన్‌లో సండే స్కూల్ సొసైటీ పెట్టించారు. 1831 నాటికి బ్రిటన్‌లో సుమారు 12.5 లక్షల మంది పిల్లలు ఈ బడుల్లో ఉన్నారని లెక్క.

అందరికీ నచ్చిందనుకోవద్దు. ఫ్రెంచి విప్లవం భయంలో ఉన్న పెద్దలకు, పేదవాడు చదవడం నేర్చుకుంటే ఏం చదువుతాడోనన్న టెన్షన్ పట్టుకుంది. హోర్స్‌లీ అనే బిషప్ 1800లో ఈ బడుల మీద విప్లవకారుల ముద్రే వేశారు. మెండిప్ కొండల్లో బడులు పెట్టిన హన్నా మోర్ చదవడం నేర్పించింది గానీ, పేదలకు రాత మాత్రం వద్దంది. విశ్రాంతి దినమైన ఆదివారాన రాత నేర్పవచ్చా అని మెథడిస్టులు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు.

1870లో ఇంగ్లండ్‌లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది, 1880లో చిన్నపిల్లలకు బడి తప్పనిసరైంది. అక్షరాలు నేర్పే పని సర్కారు బడికి పోయింది, సండే స్కూల్‌కు బైబిల్ మిగిలింది. తప్పు ఎవరిదీ కాదు. కాకపోతే పని మారినప్పుడు పిల్లలూ మారారు. వీధి పిల్లల చోట్లోకి మెల్లగా సంఘం పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఆ 1880లోనే శతజయంతి అని లండన్‌లో థేమ్స్ ఒడ్డున రైక్స్‌కు విగ్రహం పెట్టారు.

వేసవి సెలవుల్లో పిల్లలకు మనం పెట్టే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్)ది కూడా ఇంచుమించు ఇదే కథ. 1898లో న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో, ఎండల్లో వీధుల వెంట తిరిగే వలస కుటుంబాల పిల్లల కోసం ఒక డాక్టరు గారి భార్య బీరు హాలు అద్దెకు తీసుకుని నడిపింది. మన వీబీఎస్ కరపత్రం ఎవరి చేతికి ఇస్తున్నాం? ఆదివారం ఆరాధనలో, ముందు వరసల్లో.

మన పల్లెల్లోనూ మిషన్ బడి అంటే వేరే బడుల్లోకి రానివ్వని మాల, మాదిగ పిల్లల బడే. ఊళ్లో క్రైస్తవ బోధ చేసే ఉపదేశే పంతులు. మా తాతయ్య పగలంతా గేదెలు కాసి, రాత్రి లాంతరు వెలుగులో ఇసుకలో వేలితో అ ఆలు దిద్దారు. వేలిముద్ర వేసే ఇంట్లో మొదటి సంతకం ఆయనదే.

మీటింగ్‌లో ఇదంతా చెప్పలేదు, అంత టైమ్ ఇవ్వలేదు. మా చర్చి గేటుకు ఎదురుగా అపార్ట్‌మెంట్ కడుతున్నారు. అక్కడి కూలీల పిల్లలు ఎనిమిది మంది దాకా ఆదివారం పాటలు వినబడగానే గేటు కడ్డీలు పట్టుకుని నిలబడతారు. సాయంత్రం గది తెరిచి వాళ్లకు ఓ గంట చదవడం నేర్పుదామన్నాను. మంచిదేనన్నారు. మరి కార్పెట్ పాడవదా అని ఒకరు అడిగారు. ఆ అంశం వచ్చే నెలకు వాయిదా పడింది. గది తాళం సెక్రటరీ గారి దగ్గరే ఉంది.