“సూర్యుడా, నిలువుము”: ఒక వాక్యం మీద వందేళ్ల తగువు

భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న గెలీలియోకీ కాథలిక్ చర్చికీ నడిచిన గొడవ ఒక రకంగా టిఫిన్ల దగ్గర మొదలైంది. 1613 డిసెంబరులో ఇటలీలోని పీసాలో, టస్కనీ ప్రభువుల ఇంట, పొద్దున్నే భోజనాల బల్ల మీద గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల గురించి కబుర్లు నడిచాయి. గెలీలియో శిష్యుడు కాస్టెల్లి, ఈయన సన్యాసి కూడా, తిని బయటికి వచ్చేశాడు. అంతలో వెనక్కి రమ్మని కబురు. రాజమాత క్రిస్టీనాకి ఒక అనుమానం: భూమే తిరుగుతోందంటే, బైబిల్లో ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ “సూర్యుడా, నిలువుము” అనడం ఏమిటి, ఆగిందే భూమి అయితే?

నిజానికి ఈ ప్రశ్నకి జవాబు అప్పటికే తయారుగా ఉంది, అదీ మతపండితుల దగ్గరే. 1554లో బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండానికి వ్యాఖ్యానం రాస్తూ ప్రొటెస్టెంట్ మతగురువు కాల్విన్ ఏమన్నాడంటే, చంద్రుణ్ని “గొప్ప జ్యోతి” అన్నారు కానీ ఖగోళ లెక్కల ప్రకారం శనిగ్రహమే పెద్దది, మోషే మామూలు జనం కళ్లకి కనిపించినట్టు రాశాడు, ఖగోళం నేర్చుకోవాలంటే వేరే చోటికి వెళ్లండి అని. (కాల్విన్ మాత్రం భూమి తిరుగుతుందని నమ్మినవాడు కాదు, అది వేరే సంగతి.) పాస్టర్ అవుదామని చదువుకుని లెక్కల్లోకి వచ్చిన కెప్లర్ 1609లో ఇదే వాదనని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఓడ రేవు దాటుతుంటే ఊళ్లు వెనక్కి పోతున్నాయంటాం కదా, లేఖనం, అంటే బైబిల్, మాట్లాడేదీ ఆ భాషే అన్నాడు. మనమూ అంతే, రైల్లో కూర్చుని “రాజమండ్రి వచ్చేసింది” అంటాం, పంచాంగంలో సూర్యోదయం టైమ్ చూసుకుంటాం.

మరి ఇంత తేలిగ్గా తేలేది అంత పెద్ద రచ్చ ఎందుకైందంటే, నా లెక్కలో అసలు తగువు అర్థం చెప్పే హక్కు ఎవరిదన్నది. చర్చిని ఎదిరించి ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ దెబ్బకి కంగారెత్తిన కాథలిక్ చర్చి 1546లో ట్రెంట్ ఊళ్లో జరిపిన మతపెద్దల సభలో ఓ నియమం పెట్టుకుంది: విశ్వాసానికీ నీతికీ చెందిన విషయాల్లో పూర్వపు సభాపితలంతా (చర్చి తొలి శతాబ్దాల గురువులంతా) ఒప్పుకున్న అర్థానికి విరుద్ధంగా ఎవరూ సొంత అర్థాలు తీయకూడదు. అలాంటి వేళ లెక్కల మనిషి గెలీలియో, క్రిస్టీనాకి రాసిన పొడవాటి ఉత్తరంలో, ఆ సభాపితల్లో ఒకడైన అగస్టీనుని సాక్షిగా పిలిచి మరీ లేఖనానికి అర్థం చెప్పడం మొదలుపెట్టాడు.

అప్పటి చర్చిలో పెద్ద మతపండితుడైన కార్డినల్ బెల్లార్మీన్ని మూర్ఖుడిగా చూపించడం మనకి అలవాటు. 1615 ఏప్రిల్‌లో ఆయన రాసిన ఉత్తరం చూస్తే అలా అనిపించదు. భూమి తిరుగుతోందనడానికి గట్టి రుజువు ఉంటే లేఖనాలని చాలా జాగ్రత్తగా మళ్లీ వివరించుకోవాల్సి వస్తుంది, కానీ అలాంటిది నాకెవరూ చూపించలేదు అన్నాడు. చేదు నిజమేమిటంటే గెలీలియో దగ్గర అప్పటికి ఆ రుజువు లేదు, సముద్రపు ఆటుపోట్ల మీద ఆయన కట్టిన వాదన తప్పని తర్వాత తేలింది.

1616 మార్చిలో చర్చి, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని గెలీలియో కన్నా ముందే రాసిన కోపర్నికస్ పుస్తకాన్ని సరిదిద్దేదాకా ఆపమంది. 1620లో దిద్దుబాట్ల జాబితా వచ్చింది, ఇటలీలో చాలామంది తమ ప్రతుల్లో ఆ వాక్యాలని సిరాతో కొట్టేశారు. కొట్టేయమన్న వాటిలో ఒకటి, ఈ విశాలమైన కట్టడం సర్వోన్నతుడైన దేవుడి చేతిపని అని కోపర్నికస్ చేసిన స్తుతి. సూర్యుడు మధ్యలో ఉన్న లోకాన్ని దేవుడే కట్టాడని ఒప్పుకున్నట్టు అవుతుందని కాబోలు.