క్రిస్మస్ కాక్టస్‌కు కొత్త కుండీ

అనంతపురం

పిల్లలూ,

సంక్రాంతికి వచ్చి మీరు కర్నూలు తీసుకెళ్లిన క్రిస్మస్ కాక్టస్ పూలన్నీ రాలిపోయాయని బాధపడుతున్నారట. దాని పూత కాలం అయిపోయింది, అంతే. కుండీ మార్చడానికి ఇదే అదను.

కాక్టస్ అనగానే మనకు చేని గట్టు మీది నాగజెముడు గుర్తొస్తుంది. నేనూ అలాగే అనుకుని మొదట్లో మిద్దె మీద ఎండలో పెట్టాను. ఆకుల్లాంటి తునకలన్నీ ఎర్రబారి వడిలిపోయాయి. దీని పుట్టిల్లు ఎడారి కాదమ్మా. బ్రెజిల్‌లో ఆగ్నేయ దిక్కున, సముద్రానికి దగ్గరి కొండల మీది తేమ అడవులు. అక్కడ చెట్ల కొమ్మల మీద, రాళ్ల సందుల్లో పెరుగుతుంది. అక్కడ చేరిన ఆకుల చెత్తే దానికి మట్టి. ఒట్టి ఎర్రమట్టి నింపితే గట్టిపడి, నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. నానబెట్టి పిండిన కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక పాలు కలపండి.

కొత్త కుండీ పాతదానికంటే అంగుళం వెడల్పుంటే చాలు, దీనికి ఇరుకే ఇష్టం. అడుగున చిల్లు ఉండాలి. మొక్కను పట్టి లాగొద్దు. కుండీని పక్కకు వాల్చి, చుట్టూ తట్టి, మట్టిముద్దను అరచేతిలోకి తీసుకోండి. తెల్లగా, గట్టిగా ఉన్న వేరు మంచిది. నల్లబడి, చేతివేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయేదాన్ని కత్తిరించేయండి. మునుపటి లోతులోనే నాటండి.

కొమ్మ విరిగితే టెన్షన్ పడకండి. మనం ఆకులనుకునే ఆ తునకలు నిజానికి కాండమే. రెండు మూడు తునకలున్న ముక్కను రెండు రోజులు నీడలో ఆరబెట్టి, తడి ఇసుకలో గుచ్చితే వేరు పోస్తుంది.

పొద్దుటి ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టండి. పైమట్టి అంగుళం లోతు ఆరాకే నీళ్లు పోయండి.

ఇక పూల సంగతి. అంతకుముందు ఏడాది ఇది ఒక్క మొగ్గా వేయలేదు. హాల్లో రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైటు వెలుగుతుండేది, అదే కారణం. రోజూ 12, 13 గంటల చీకటి, కాస్త చల్లదనం ఉంటేనే మొగ్గ కడుతుంది. అందుకే పోయిన అక్టోబరు నుంచి ఆరు వారాలు సాయంత్రం ఆరుకు అట్టపెట్టె బోర్లించి, పొద్దున ఏడుకు తీశాను. ఒకరోజు పెట్టె తీసేసరికి తునక చివర బియ్యపు గింజంత ఎర్రటి మొగ్గ! ఎంత మురిసిపోయానో!

మొగ్గ వచ్చాక మాత్రం కుండీని అటూ ఇటూ జరపొద్దు, రాలిపోతుంది. విరిగిన ముక్కలు పారేయకండి, కాగితంలో చుట్టి ఉగాదికి తెచ్చివ్వండి. ఇక్కడ కిటికీ ఖాళీగా ఉంది.

మీ అవ్వ