సిల్వర్ చక్రానికి పట్టిన తెల్లపొడి

ఇనుముకు పట్టేది తుప్పు, ఇత్తడికి పట్టేది చిలుము. అల్యూమినియానికి పట్టేదానికి మనం పేరే పెట్టుకోలేదు. దానికేమీ పట్టదన్న భరోసా కాబోలు. విశాఖలో బీచ్‌రోడ్డుకు రెండు వీధుల ఇవతల, మెట్ల కింద ఐదేళ్లు కదలకుండా పడున్న మా బైకును బయటికి లాగాక నాకా భరోసా పోయింది. అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమ లోహపు) చక్రాల మీది పారదర్శకమైన పూత కింద పురుగు పాకినట్టు వంకర గీతలు. వాల్వ్ చుట్టూ ఉప్పు పేరినట్టు తెల్లపొడి. గోరుతో గీకితే రాలింది, దాని కింద సూదితో గుచ్చినట్టు గుంటలు.

నిజానికి తళతళలాడే అల్యూమినియం కూడా అప్పటికే ‘తుప్పు’ పట్టినదే. గాలి తగిలిన క్షణంలోనే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. మందం కొద్ది నానోమీటర్లు, వెంట్రుకలో పదివేలో వంతు కూడా ఉండదు. ఇనుము తుప్పు పెచ్చులుగా ఊడిపోయి కింది లోహాన్ని మళ్లీ గాలికి వదిలేస్తుంది. ఈ పొర అలా కాదు, లోహాన్ని గట్టిగా కరుచుకుని ఉంటుంది. గీత పడితే మళ్లీ తనే పూడుకుంటుంది.

దీనికి అసలు శత్రువు ఉప్పులోని క్లోరైడ్. సముద్రపు గాలి మోసుకొచ్చే తేమలో అది ఉంటుంది, పొర బలహీనంగా ఉన్నచోట చొరబడుతుంది. చిన్న గుంట పడితే చాలు, లోపలి నీరు ఆమ్లంగా మారి ఆ గుంటను తనే లోతు చేసుకుంటూ పోతుంది. పైకి వచ్చేది ఆ తెల్లపొడి, అంటే అల్యూమినియం హైడ్రాక్సైడ్. రాయి తగిలి పూత లేచిపోయిన చోట ఇదే పని దారంలా పూత కిందుగా సాగుతుంది. నేను చూసిన వంకర గీతలు అవే.

మెకానిక్ షాపులో కుర్రాడు చూసి, “బాత్రూమ్ యాసిడ్ పోసెయ్యండి సార్, రెండు నిమిషాల్లో తెల్లబడుద్ది” అన్నాడు. తెల్లబడటం నిజమే. కానీ ఈ పొరకు పులుపూ పడదు, క్షారమూ పడదు. పులుపును, క్షారాన్ని కొలిచే పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్యలోనే అది క్షేమంగా ఉంటుంది. బాత్రూమ్ యాసిడ్‌లో ఆమ్లమూ క్లోరైడూ రెండూ ఉన్నాయి కాబట్టి దెబ్బ రెండింతలు. కాస్టిక్ సోడా పోస్తే అల్యూమినియం హైడ్రోజన్ బుడగలు కక్కుతూ కరుగుతుంది. ఈ సంగతి మన వంటింటికి కొంతవరకు తెలుసు. సిల్వర్ ఇడ్లీ పాత్రలో ఉత్త నీళ్లు మరిగిస్తే లోపల నల్లబడుతుంది. అందుకే అమ్మ చిన్న చింతపండు రెబ్బో, నిమ్మతొక్కో వేసేది. నీళ్లలోని కాస్త క్షారగుణాన్ని ఆ పులుపు సరిచేస్తుంది. అంతమాత్రం పులుపు సరే, సీసా మొత్తం గుమ్మరిస్తేనే గొడవ.

పని మొదలుపెట్టింది సబ్బునీళ్లతోనే. చెయిన్ ఆయిల్ గడ్డలకు కిరోసిన్, పాత టూత్‌బ్రష్. కిరోసిన్ గానీ పాలిష్ గానీ బ్రేక్ డిస్కు మీద పడకూడదు, పడితే బ్రేకు పట్టదు. ఇంజన్ స్టార్ట్ చేసి గేర్లో పెట్టి, తిరుగుతున్న వెనక చక్రానికి గుడ్డ అదిమే అలవాటు కొందరికి ఉంది. చెయిన్‌లో వేలు పోయేది అప్పుడే. డిస్కు వైపున్న గోధుమరంగు మచ్చలు అల్యూమినియానివి కావు. బ్రేకు నుంచి రాలిన ఇనుప రజను అతుక్కుని తుప్పుపట్టినవి. థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఉన్న స్ప్రే కొడితే అది ఇనుముతో కలిసి ఊదారంగుకు తిరుగుతుంది. చక్రం నేరేడుపండు రసం కారుస్తున్నట్టుంటుంది, చూడ్డానికి భలే సరదా.

పాత పూత తీసేశాక వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం: 400, 800, 1200, 2000. నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చాలి, అప్పుడే వెనకటి గీతలు పోయాయో లేదో కనిపిస్తుంది. 2000 నంబరు దగ్గరా అద్దం మెరుపు రాదు. ఆ కాగితం రేణువు దాదాపు 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కాంతి తరంగం అర మైక్రాన్. గీతలు అంతకంటే సన్నబడాలంటే పాలిష్ పేస్టు కావాలి. చాలా పేస్టుల్లో ఉండేది ఏమిటనుకున్నారు? అల్యూమినియం ఆక్సైడే! గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ కొలమానంలో లోహం 3 లోపు, దాని ఆక్సైడ్ 9. కెంపులూ నీలాలూ ఆ ఆక్సైడే. గుడ్డ బొగ్గులా నల్లబడితే మురికి ఇంకా పోలేదని కంగారుపడక్కర్లేదు. పిండిలా అరిగిన అల్యూమినియం నల్లగానే కనిపిస్తుంది.

పగులు కనిపిస్తే మాత్రం పాలిష్ పని ఆపేయాలి. పోత చక్రాన్ని 500 డిగ్రీలకు పైగా వేడిచేసి, చప్పున చల్లార్చి, మళ్లీ 150 డిగ్రీల పైచిలుకు వేడిలో ఉంచి బలం తెప్పిస్తారు. వెల్డింగ్ వేడి ఆ బలాన్ని పోగొడుతుంది. అలాంటి చక్రం పాత ఇనుప సామాన్లకే.

మాది పగల్లేదు గానీ, వెనక టైరులో వారానికోసారి గాలి తగ్గేది. పంక్చర్ షాపులో టైరు విప్పితే, రిమ్ము అంచున టైరు ఆనుకునే చోటే తెల్లపొడి. ట్యూబ్‌లెస్ టైరుకు ఆ అంచే మూత, పొడి వల్ల సందు పడింది. మెత్తటి స్క్రబ్బర్‌తో పొడి మాత్రం తీశాం. గుంటలు పోయేదాకా అరగదీస్తే అంచు కొలతే మారిపోతుంది కాబట్టి జోలికి పోలేదు. టైరెక్కించి సబ్బునురగ రాసి చూశాం, బుడగ రాలేదు.

గాలి నిలుస్తోంది. మెరుపు మాత్రం మూడో వారానికే కాస్త తగ్గింది. పూత లేని లోహం, రెండు వీధుల అవతల సముద్రం. ఇప్పుడు శనివారం శనివారం మంచినీళ్లతో కడిగి, ఆరాక మైనం పాలిష్ రాస్తున్నాను. వాల్వ్ పక్కన రెండు గుంటలు అలాగే ఉన్నాయి.